ఒకే తప్పు – రెండు త్రాసులు

“ఆడది తిరిగి చెడుతుంది, మగవాడు తిరగక చెడతాడు” అని మన పెద్దలు తరచుగా అంటూ ఉంటారు. పొట్టకూటి కొరకు నాలుగూళ్లు తిరగని పురుషుడు పనికిరానివాడన్న అర్థములో ఈ సామెత పుట్టి ఉండవచ్చును. కాని తిరుగుట అనే ఒకే పని ఒకరికి లోకజ్ఞానముగా, మరొకరికి శీలనాశనముగా ఎట్లు మారినదో ఆ సామెత విప్పి చెప్పదు. దీనికి తోడుగా ఇంకొక సామెత ఉన్నది. ముల్లు వచ్చి ఆకు మీద పడినా, ఆకు వచ్చి ముల్లు మీద పడినా చిరిగేది ఆకేనట. ఈ మాటను తల్లులు కూతుళ్లకు జాగ్రత్త చెప్పడానికి వాడుతారు. కొడుకును దగ్గర కూర్చోబెట్టుకొని, “నాయనా, నీవు ముల్లువు కావద్దు” అని చెప్పిన తల్లిని గాని తండ్రిని గాని మేము చాల అరుదుగా చూచినాము.

వివాహబంధములో నమ్మకద్రోహము జరిగినదని బయటపడినప్పుడు లోకము ఏమంటుంది, ఎవరిని అంటుంది అన్న విషయమును గురించి ఈ వ్యాసములో కొంత ఆలోచించదలచినాము. ముందుగా ఒక మాట స్పష్టము చేయవలసి ఉన్నది. నమ్మకద్రోహమును సమర్థించుటకు మేము కలము పట్టలేదు. భార్యకు భర్త చేసినా, భర్తకు భార్య చేసినా ద్రోహము ద్రోహమే. దాని వలన ఒక మనసు విరుగుతుంది, పిల్లలు దిక్కుతోచనివారవుతారు, రెండు కుటుంబములు తలదించుకుంటాయి. ఇందులో మాకు ఎవరితోను వాదము లేదు. మా ప్రశ్న ఒక్కటే. తప్పు ఒకటే అయినప్పుడు దానిని తూచే త్రాసులు రెండెందుకు ఉన్నవి?

మన భాషనే చూడండి. దారి తప్పిన స్త్రీని నిందించుటకు తెలుగులో మాటలకు కొరత లేదు. కులట, జారిణి, రంకులాడి, చెడిపోయినది, బరితెగించినది – ఎన్నయినా చెప్పవచ్చును. అదే పని చేసిన పురుషునికి మన నిఘంటువు ఇచ్చిన బిరుదులు రసికుడు, సరసుడు, విలాసపురుషుడు. మహా అయితే తిరుగుబోతు అంటారు. ఆ మాటలో కూడ చాల సార్లు తిట్టు కంటె ముద్దే ఎక్కువగా వినిపిస్తుంది. ఉర్దూలోను ఇదే వరస. పురుషుడు రంగీన్ మిజాజ్, స్త్రీ బద్‌చలన్. పతివ్రత అన్న మాట మనకు నిత్యవ్యవహారములో ఉన్నది. ఏకపత్నీవ్రతుడు అన్న మాటను మాత్రము శ్రీరాముని వంటి మహాపురుషుని కొరకు దాచి పెట్టినాము. అనగా భార్య నిష్ఠ మామూలు విధి, భర్త నిష్ఠ అసాధారణమైన గుణము. విధిని తప్పినవారికి శిక్ష పడుతుంది. అసాధారణ గుణము లేనివారిని ఎవరు శిక్షిస్తారు?

సాహిత్యములోని పాత్రల విషయములో కూడ మన పక్షపాతము దాగదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో తొలిసారిగా అచ్చయినది. పూటకూళ్లమ్మ సొమ్ము తిని మధురవాణిని ఉంచుకున్న గిరీశమును చూచి నాలుగు తరములుగా మనము కడుపుబ్బ నవ్వుకుంటున్నాము. గురజాడవారు ఆ మనిషిని ఎండగట్టుటకే సృష్టించినా, ప్రేక్షకులు అతనిని ముద్దు చేసుకున్నారు. ఆ తరువాత మూడు దశాబ్దములకు భర్తను విడిచి ప్రియునితో వెళ్లిపోయిన రాజేశ్వరి కథను చలముగారు మైదానము నవలగా వ్రాసినారు. దాని మీద లేచిన దుమారము చాల కాలము అణగలేదు. ఆ పుస్తకమును ఇంటికి తేరాదన్నారు, చాటుగా చదివినారు, రచయితను దూషించినారు. రాజేశ్వరి చేసినది ఒప్పని మేము అనుట లేదు. గిరీశము దగ్గర నవ్వు, రాజేశ్వరి దగ్గర నిప్పు ఎందుకు వచ్చినవన్నదే ఇక్కడ గమనించవలసినది.

ఇంకొక చిత్రము కూడ ఉన్నది. భార్య తప్పు చేసినదని తెలిస్తే తప్పు భార్యది. భర్త తప్పు చేసినాడని తెలిస్తే మాత్రము ఆ తప్పును పంచుకొనుటకు ముగ్గురు స్త్రీలు సిద్ధముగా ఉండవలెను. భర్తను కొంగున కట్టుకోలేకపోయినదని భార్యను అంటారు. పచ్చని సంసారములో నిప్పులు పోసినదని రెండవ స్త్రీని అంటారు. గారాబము చేసి చెడగొట్టినదని తల్లిని అంటారు. అసలు పని చేసినవాడు ఈ మూడు నిందల వెనుక హాయిగా కనుమరుగై, కొంతకాలమునకు “పాపము, ఏదో వయసు, ఏదో గ్రహచారము” అన్న మాటతో మరల ఊరిలో పెద్దమనిషి అవుతాడు. ఆ సంఘటన అతని జీవితములో ఒక అధ్యాయము మాత్రమే. స్త్రీకి అది పుస్తకము మొత్తము మీద వేసిన ముద్ర.

ఇవి మాటలు, కథలు మాత్రమే అనువారికి ఒక నిజమైన ఉదంతమును గుర్తు చేస్తాము. 1959 ఏప్రిల్ 27న బొంబాయిలో కవాస్ మానెక్‌షా నానావతి అనే నౌకాదళ కమాండరుకు అతని భార్య సిల్వియా, ప్రేమ్ అహూజా అనే మిత్రునితో తనకు ఏర్పడిన సంబంధమును గురించి స్వయముగా చెప్పినది. నానావతి భార్యాబిడ్డలను సినిమాహాలు వద్ద దింపి, ఓడకు వెళ్లి ఏదో నెపముతో రివాల్వరు తీసుకొని, అహూజా ఇంటికి వెళ్లినాడు. మూడు గుళ్లు పేలినవి, అహూజా మరణించినాడు. నానావతి పోలీసులకు లొంగిపోయినాడు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది అతనిని నిర్దోషి అన్నారు. బ్లిట్జ్ వారపత్రిక అతనిని వీరునిగా నిలబెట్టినది. నానావతి పేరుతో ఆటబొమ్మ రివాల్వర్లు బొంబాయి వీధులలో అమ్ముడుపోయినవని ఆనాటి కథనములు చెబుతున్నవి. హైకోర్టు జ్యూరీ తీర్పును త్రోసిపుచ్చి యావజ్జీవ శిక్ష విధించినది. ఇల్లు విడిచిన తరువాత కాల్పుల వరకు గడచిన సుమారు మూడు గంటలు కోపము చల్లారుటకు చాలునని చెప్పి, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఆ శిక్షనే ఖాయపరచినది. 1964లో అతనికి క్షమాభిక్ష లభించినది.

ఈ కేసులో మమ్ములను ఆలోచింపజేసేది తీర్పు కాదు, వీధి. ఒక మనిషి ప్రాణము పోయినది. పోగొట్టినవాడు వీరుడైనాడు. సిల్వియా నిండు న్యాయస్థానములో నిలబడి, వందల కన్నుల ఎదుట తన అంతరంగమును విప్పి చెప్పవలసి వచ్చినది. కథను ఒక్కసారి తిరగవేసి చూడండి. భర్త ద్రోహము చేసినాడని తెలిసిన భార్య ఒకతె రివాల్వరు తీసుకొని రెండవ స్త్రీని కాల్చివేసి ఉంటే, వారపత్రికలు ఆమెను వీరనారి అని కీర్తించి ఉండేవా? ఆమె పేరుతో బొమ్మలు అమ్మి ఉండేవారా? “సంసారము నిలుపుకొనే తెలివి లేక హంతకురాలైనది” అని ఉండేవారు. భర్త కోపము పరువుగాను, భార్య కోపము గయ్యాళితనముగాను కనిపించే కళ్లజోడు మనము పెట్టుకొని ఉన్నాము.

ఇది మన దేశపు వెనుకబాటుతనమని, పాశ్చాత్యులు ఈ దశను దాటిపోయినారని కొందరు యువకులు భావిస్తారు. అది కూడ నిజము కాదు. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ అనే సుప్రసిద్ధ నటి, భర్త ఉండగా ఇటలీ దర్శకుడు రోసెల్లినీతో సంబంధము పెట్టుకొని బిడ్డను కన్నదని, 1950 మార్చిలో అమెరికా సెనేట్ సభలోనే ఒక సభ్యుడు ఆమెను దుమ్మెత్తిపోసినాడు. రోసెల్లినీకి కూడ అక్షింతలు పడినవి గాని, హాలీవుడ్ వాకిలి మూసుకున్నది ఆమెకే. ఆ వాకిలి మరల తెరచుకొనుటకు ఆరేడు సంవత్సరములు పట్టినది. 1972లో మరొక సెనేటరు అదే సభలో ఆమెకు క్షమాపణ చెప్పినాడు. ఒక స్త్రీ సొంత జీవితమును గురించి శాసనసభ తీర్పు చెప్పుట ఎంత విడ్డూరమో, ఇరువది రెండేళ్ల తరువాత గాని ఆ సభకు తోచలేదు.

అధ్యక్షుడు బిల్ క్లింటన్ వ్యవహారము 1998లో బయటపడినది. సంబంధము మొదలయిన నాటికి ఆయన వయసు 49, శ్వేతభవనములో పనిచేసిన మోనికా లెవిన్‌స్కీ వయసు 22. ఒకరు ప్రపంచములోకెల్ల బలవంతమైన పదవిలో ఉన్న వివాహితుడు. మరొకరు అప్పుడే చదువు ముగించి వచ్చిన పిల్ల. ప్రతినిధుల సభ 1998 డిసెంబరు 19న ఆయనపై అభిశంసన తీర్మానము చేసినది. ఆ వెంటనే గాలప్ సంస్థ జరిపిన సర్వేలో ఆయన పాలనను మెచ్చినవారు నూటికి 73 మంది. సెనేట్ 1999 ఫిబ్రవరి 12న ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టినది. ఆయన పదవీకాలము పూర్తి చేసి, పుస్తకములు వ్రాసి, దేశదేశములలో గౌరవములు అందుకున్నారు. ఆ పిల్ల పేరు మాత్రము హాస్యగాండ్రకు ఏళ్ల తరబడి ముడిసరుకైనది. ఆమె శరీరమును, దుస్తులను, బుద్ధిని గేలి చేయని పత్రిక లేదు. పై చదువులు చదివినా ఉద్యోగము దొరకుట కష్టమైనదని ఆమెయే తరువాత చెప్పుకున్నది. భర్తను విడిచిపెట్టలేదని హిల్లరీ క్లింటన్‌ను తప్పు పట్టినవారున్నారు, విడిచిపెట్టి ఉంటే అందుకూ తప్పు పట్టేవారు ఉండేవారే. ఆకు చిరిగినది ఒకటి కాదు, రెండు.

ఇక చట్టము సంగతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 497వ సెక్షను ఉండెడిది. పరాయివాని భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండ సంబంధము పెట్టుకున్న పురుషునికి అయిదేళ్ల వరకు ఖైదు విధించవచ్చునని అది చెప్పినది. స్త్రీకి శిక్ష లేదు. పైకి చూస్తే ఇది స్త్రీకి అనుకూలమైన చట్టమే కదా, మీరు చెప్పే అన్యాయము ఎక్కడ ఉన్నది అని అడగవచ్చును. కొంచెము లోతుగా చూడండి. భర్త సమ్మతిస్తే అది నేరమే కాదు. ఫిర్యాదు చేసే హక్కు భర్తకే గాని భార్యకు లేదు. వివాహితుడు అవివాహితతోనో, వితంతువుతోనో సంబంధము పెట్టుకుంటే అతని భార్య ఈ సెక్షను క్రింద ఏ కోర్టు మెట్టు ఎక్కుటకును వీలు లేదు. అనగా చట్టము కాపాడినది దాంపత్యములోని నమ్మకమును కాదు, భర్త సొత్తును. దొంగిలించబడిన సొత్తుకు శిక్ష వేయరు కదా! స్త్రీకి శిక్ష లేకపోవుట దయ వలన కాదు, ఆమెను వ్యక్తిగా లెక్కించకపోవుట వలన.

ఈ సెక్షను చెల్లుతుందని సుప్రీంకోర్టు 1954లో ఒకసారి, 1985లో మరొకసారి తీర్పు చెప్పినది. 1985 తీర్పు ఇచ్చినది ప్రధాన న్యాయమూర్తి వై. వి. చంద్రచూడ్. 2018 సెప్టెంబరు 27న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని ఏకగ్రీవముగా కొట్టివేసినది. ఆ అయిదుగురిలో ఒకరు ఆయన కుమారుడు డి. వై. చంద్రచూడ్. తండ్రి నిలిపినదానిని కుమారుడు కాదన్నాడు. ఇద్దరి నడుమ ఒక తరము ఆలోచన మారినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఈ నేరము లేదు. విడాకులు కోరుటకు కారణముగా మాత్రము అది నేటికిని ఉన్నది. అక్కడ కూడ సమానత్వము అంత తేలికగా రాలేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టములో భర్తకు భార్య వ్యభిచారము ఒక్కటి చాలును. భార్య మాత్రము భర్త వ్యభిచారముతో పాటు క్రూరత్వమునో, రెండేండ్ల పరిత్యాగమునో, మరొక దానినో కూడ చూపవలసి ఉండెడిది. ఈ తేడా పోవుటకు 2001 వరకు ఆగవలసి వచ్చినది.

స్త్రీ తప్పు వలన వంశము కలుషితమవుతుంది, పుట్టిన బిడ్డ ఎవరి బిడ్డయో తెలియదు, కనుక ఆమె మీద కట్టుబాటు ఎక్కువగా ఉండక తప్పదు అని కొందరు పెద్దలు వాదిస్తారు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. ఆస్తి, వారసత్వము, ఇంటి పేరు మన సమాజములో చిన్న విషయములు కావు. అయితే పరాయి ఇంటి వంశమును కలుషితము చేసినవాడు కూడ ఒకడు ఉండవలెను కదా. బిడ్డను గురించిన సందేహమునకు కారకులు ఇద్దరైనప్పుడు ఒక్కరినే వెలివేయుట వంశరక్షణ ఎట్లగును? ఇంతకును, పిల్లలు కలిగే ప్రసక్తి లేని వయసులో ఉన్న స్త్రీ మీద వదంతి పుట్టినా లోకము ఏమాత్రము మెత్తబడదు. దీనిని బట్టి వంశము ఒక సాకు మాత్రమేనని తెలుస్తున్నది.

మతము పేరు చెప్పి ఈ రెండు త్రాసులను సమర్థించేవారు తమ మతగ్రంథములనే మరల చదువుకొనుట మంచిది. పవిత్ర ఖురాన్‌లోని నూర్ అధ్యాయము వ్యభిచారము చేసిన పురుషునికిని, స్త్రీకిని ఒకే శిక్ష చెప్పినది. చూపు దించుకొమ్మని మొదట ఆజ్ఞాపించినది పురుషులనే, ఆ తరువాతనే స్త్రీలను. శీలవతి మీద నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివానికి ఎనుబది కొరడా దెబ్బలు విధించి, వాని సాక్ష్యము ఇక ఎన్నడును చెల్లదన్నది. హజ్రత్ ఆయిషా మీద పుట్టిన అపవాదు సందర్భమున, ఆ మాటను నోటి నుండి నోటికి మోసినవారిని అదే అధ్యాయము తీవ్రముగా మందలించినది. బైబిల్‌లో వ్యభిచారమున పట్టుబడిన స్త్రీని ఒక్కతెనే ఏసు ఎదుటికి ఈడ్చుకొని వచ్చినారు. ఆమెతో పట్టుబడవలసిన పురుషుడు ఎటు పోయినాడో చెప్పినవారు లేరు. అహల్య కథలో ఆమె యుగముల తరబడి శాపము అనుభవించినది, ఇంద్రునికి శాపము తగిలినా సింహాసనము పోలేదు. ధర్మము ఇద్దరితో మాట్లాడినది. వినవలసి వచ్చినప్పుడు లోకము ఒకరి వైపే వేలు చూపినది.

దాంపత్యద్రోహము పెద్దల విషయము, విద్యార్థుల పత్రికలో దానికి ఏమి పని అని కళాశాల కమిటీ పెద్దలు అడుగవచ్చును. ఈ త్రాసులు పట్టుట పెళ్లి తరువాత నేర్చుకొనేది కాదు. కళాశాల వరండాలలోనే, అంతకంటె ముందు ఇంటి అరుగు మీదనే అభ్యాసమవుతున్నది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి బస్‌స్టాండులో మాట్లాడుతూ కనిపించినారని పుకారు పుడుతుంది. అబ్బాయి స్నేహితుల నడుమ హీరో అవుతాడు, పరీక్షలు వ్రాస్తాడు, పట్టా పుచ్చుకుంటాడు. అమ్మాయికి ఇంటి తలుపు మూసుకుంటుంది. టి.సి. కొరకు తండ్రి తలవంచుకొని ఆఫీసు గదికి వస్తాడు. సంవత్సరము తిరగకముందే ఎవరికో ఒకరికి కట్టబెడతారు. ఒక వదంతి ఖరీదు ఒక అమ్మాయి చదువు. మన వంటి కళాశాలలో చాల ఇండ్లకు డిగ్రీ చదివే మొదటి ఆడపిల్ల ఆమెయే కావచ్చును. ఆమె చదువు ఆగితే ఆమె చెల్లెళ్ల చదువు కూడ ఆగుతుంది. పూర్వము ఈ పని ఆకాశరామన్న ఉత్తరములు చేసేవి. ఇప్పుడు చేతిలోని సెల్‌ఫోను చేస్తున్నది. ఉత్తరమునకు పోస్టు బిళ్ల ఖర్చయినా ఉండేది, దీనికి అది కూడ లేదు. అరుగు మీద మాటలు నాలుగు రోజులకు మరుగున పడేవి, ఫోనులోని బొమ్మ ఏళ్లు గడచినా చెరగదు.

కనుక మా మనవి రెండు వైపులకు. కమిటీ పెద్దలు పేరు లేని ఫిర్యాదును విచారణకు స్వీకరించరాదు. నియమోల్లంఘన నిజముగా జరిగినదని తోస్తే ఇద్దరినీ పిలిపించవలెను, ఇద్దరి మాటలు వినవలెను, ఇద్దరికీ ఒకే నియమము వర్తింపజేయవలెను. అమ్మాయి తండ్రికి ఉత్తరము వెళ్లిన రోజుననే అబ్బాయి తండ్రికి కూడ వెళ్లవలెను. ఏ పరిస్థితిలోను చదువు మాన్పించుట శిక్ష కారాదు. ఇది స్త్రీలకు అడిగే ప్రత్యేక రాయితీ కాదు, ఒకే తూకపురాయిని వాడుమని చేసే విన్నపము మాత్రమే.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పేది ఇంకా చిన్నది, కాని ఇంకా కష్టమైనది. మీ వద్దకు వచ్చిన కథను మీ వద్దనే ఆపివేయండి. ఎవరి కాపురము ఎందుకు విరిగినదో విరిగిన ఆ ఇద్దరికే తెలియును. అందులో ఎవరు ఎంత దోషియో మనకు తెలిసే అవకాశము లేదు. తప్పక ఒక అభిప్రాయము చెప్పవలసి వస్తే, ఆ కథలో స్త్రీ ఉన్న చోట పురుషుని పేరు, పురుషుడు ఉన్న చోట స్త్రీ పేరు పెట్టి ఒకసారి మనసులో చదువుకొని చూడండి. అప్పుడు కూడ అదే మాట మీ నోట వచ్చునట్లయితే చెప్పండి. రానట్లయితే మీరు ద్వేషించినది తప్పును కాదు, తప్పు చేసిన స్త్రీని. చట్టము తన పుస్తకములో నుండి పక్షపాతపు సెక్షనును చెరిపివేయుటకు 158 సంవత్సరములు తీసుకున్నది. నాలుకను సరిదిద్దుకొనుటకు మనకు ఏ ధర్మాసనము తీర్పును అక్కరలేదు. ఆ పనిని ఈ కళాశాల ఆవరణములోనే, ఈ విద్యాసంవత్సరములోనే ప్రారంభించవచ్చును.